మనోడు చెప్పాడని వినకండి

భిలాయ్‌లో మన తెలుగువాళ్ళకి సలహాల కరువు లేదు. సెక్టార్-5 బాలాజీ గుడి దగ్గర, పవర్‌హౌస్ మార్కెట్టులో, విశాఖ బండి కోసం దుర్గ్ స్టేషన్లో కాచుకుని కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు ఇంటి సంగతి ఎత్తుతారు. పక్కనున్న పెద్దాయన వెంటనే "ఏటీ కాదు బాబూ, నా మాటిను" అని అందుకుంటాడు. ఆయన మంచివాడే. ముప్పై ఏళ్ళ పైన కోక్ ఓవెన్లలోనో రైల్ మిల్లులోనో ఒళ్ళు కాల్చుకుని పనిచేసినవాడే. మన మేలు కోరే చెబుతాడు. ప్రమాదమంతా అక్కడే ఉంది. ఏజెంటు మాటనైతే అటూ ఇటూ తిప్పి చూస్తాం. పెళ్ళికి దగ్గరుండి వడ్డించిన బాబాయి మాటని తిప్పి చూడం.

సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేసు మొదలైన ఊరు ఇది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి క్యాంపుల్లో, ఖుర్సీపార్‌లో, తర్వాత సెక్టార్ల క్వార్టర్లలో కుదురుకున్నవాళ్ళ పిల్లలం, మనవలం మనం. ఇక్కడి ఉక్కు ప్లాంటుని నడిపే ప్రభుత్వరంగ సంస్థ సెయిల్ నష్టాల్లో ఉన్న కాలంలో, 2000 తర్వాతి తొలి ఏళ్ళలో, కంపెనీ తన క్వార్టర్లని ఉద్యోగులకీ రిటైరైనవాళ్ళకీ దీర్ఘకాలం లీజుకిచ్చింది. ఆనాడు చేతిలో ఉన్న డబ్బంతా పోసి లీజు తీసుకున్న కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. ఆ ఇంట్లో నేల మనది కాదు, గోడలు మనవి కావు. ఒక పత్రంలో రాసిన కాలమూ, ఆ కాలానికి పెట్టిన షరతులూ మాత్రమే మనవి. ఇది మరిచిపోయి ఇచ్చే సలహాలు ఎంత ప్రేమగా ఇచ్చినా ఇంటిని పోగొడతాయి, ఒక్కోసారి మనిషిని కూడా. ఈ సెక్టార్లలో నా చెవిన పడ్డ అలాంటి మాటల్ని అన్న తీరులోనే ఇక్కడ పెడుతున్నాను. ఎందుకు వినకూడదో కూడా చెబుతాను.

"లీజయినా లైసెన్సయినా ఒకటే. ఇల్లు మన దగ్గరుంది గదా!"

ఒకటి కాదు. ఈ ఊళ్ళో తగాదాల్లో సగం ఇక్కడే పుడతాయని నా నమ్మకం. రిటైరయ్యాక డిపాజిట్టు కట్టి కొంతకాలానికి క్వార్టరు అట్టే పెట్టుకున్నవాళ్ళ దగ్గర ఉండేది సాధారణంగా లైసెన్సు. అంటే ఉండటానికి అనుమతి, అంతే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం దాన్ని అలాగే చూస్తుంది: ఇచ్చినవాడు వెనక్కి తీసుకోవచ్చు, పుచ్చుకున్నవాడు ఇంకొకరికి బదలాయించలేడు. లీజు అలా కాదు. అదే ఏడాది వచ్చిన ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం లీజుదారుకి ఆ ఇంటిమీద ఒక హక్కే బదిలీ అవుతుంది. అది ఆస్తి. వారసులకి వెళ్తుంది, అమ్మకానికీ వీలుంటుంది. అయితే పత్రం ఒప్పుకుంటేనే.

"పత్రం ఒప్పుకుంటేనే" అన్న మాట దగ్గర కాసేపు ఆగండి. చట్టంలోని 108వ సెక్షను లీజుదారు తన హక్కుని అమ్మొచ్చు, తిరిగి అద్దెకివ్వొచ్చు అంటుంది. ఆ మాట మాత్రమే విన్నవాళ్ళు మనకి అభయమిస్తారు. కానీ ఆ సెక్షను "వేరే ఒప్పందం లేనప్పుడు" అనే మొదలవుతుంది. కంపెనీ ఇచ్చిన లీజు పత్రమే ఆ వేరే ఒప్పందం. అందులో అయిదు విషయాలు వెతకండి. బదలాయించాలంటే ఎవరి అనుమతి కావాలి, తిరిగి అద్దెకివ్వొచ్చా, గోడలు మార్చొచ్చా, గడువు పొడిగింపు ఎప్పుడు ఎలా అడగాలి, ఏ తప్పు జరిగితే కంపెనీ ఇల్లు వెనక్కి తీసుకోవచ్చు. పత్రం ఇంగ్లీషులో ఉందనో, కళ్ళజోడు దొరకలేదనో ఇరవై ఏళ్ళుగా చదవనివాళ్ళున్నారు. నాలుగు వందల గజాల దూరంలో ఉన్న వకీలు దగ్గర గంటసేపు కూర్చుంటే అయిపోయే పని అది. పొడిగింపు అడగడానికి పత్రంలో గడువు రాసి ఉంటే ఆ తేదీని ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి. ఆ తేదీ వచ్చేసరికి సంతకం చేసినాయన ఉండకపోవచ్చు.

నెహ్రూనగర్ లాంటి కాలనీల వైపు ఉన్నవాళ్ళకి వేరే చరిత్ర ఉంది. అక్కడి ప్లాట్లలో సాడా అనే పాత అభివృద్ధి సంస్థ కాలంలో లీజుకిచ్చినవి ఉన్నాయి. వాళ్ళు అడగవలసింది మునిసిపల్ కార్పొరేషన్‌ని. టౌన్‌షిప్ క్వార్టర్ల సంగతి కంపెనీ నగర సేవల విభాగం చూస్తుంది. ఒకరి కాగితం చూసి ఇంకొకరికి సలహా చెప్పడం కుదరదు.

"స్టాంపు పేపరు మీద రాయించీ నోటరీ చేయించీసాం. అయిపోనాది."

అవలేదు. ఏడాదికి మించిన ఏ లీజైనా రిజిస్టరు కావాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షను చెబుతుంది. కాకపోతే ఆ కాగితం కోర్టులో హక్కుకి రుజువుగా నిలవదు. నోటరీ చేసేదల్లా, ఫలానావాళ్ళు తన ఎదుట సంతకం పెట్టారని ధ్రువీకరించడం. ఆ సంతకంతో హక్కు పుట్టదు.

దీనికి తోడు ఇంకో పద్ధతి ప్రచారంలో ఉంది. లీజు ఇంటిని "కొన్నవాళ్ళు" ఒక జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఒక అగ్రిమెంటు, ఒక విల్లు రాయించుకుంటారు. మూడు కాగితాలున్నాయి కాబట్టి గట్టిగా ఉందని మధ్యవర్తి చెబుతాడు. ఇలాంటి కాగితాలతో స్థిరాస్తి హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ లాంప్ కేసులో తేల్చి చెప్పింది. ఆ మూడూ ఎంత బలహీనమో ఒక్కొక్కటిగా చూడండి. పవర్ ఇచ్చిన మనిషి చనిపోతే మామూలుగా ఆ పవరూ అక్కడితో పోతుంది. విల్లుని ఆయన బతికుండగా ఎన్నిసార్లైనా మార్చి రాసుకోవచ్చు. అగ్రిమెంటు మీద కంపెనీ సంతకం లేదు, కాబట్టి కంపెనీకి అది పట్టదు. డబ్బిచ్చి పదేళ్ళు కాపురం చేసినవాడి దగ్గరికి అమ్మినాయన కొడుకు పలాస నుంచి వచ్చి "మా నాన్న ఇల్లు" అంటే, ఆ కొడుకుని దుర్మార్గుడనడం తేలిక. కాగితం ప్రకారం మాత్రం అతను చెబుతున్నది నిజం.

ఊరెళ్ళిపోతున్నవాళ్ళకి పవర్ ఆఫ్ అటార్నీ అక్కరలేదని నేననడం లేదు. రిటైరై సొంతూరిలో స్థిరపడి, ఇక్కడ పన్నులూ బిల్లులూ చూసుకోమని తమ్ముడికో బావమరిదికో ఇవ్వడం సబబే. దాంట్లో ఏ పనులకి అధికారమిస్తున్నారో విడివిడిగా రాయించండి. అమ్మే అధికారం ఇవ్వదలుచుకోకపోతే ఆ మాట కూడా రాయించండి.

"పన్నెండేళ్ళుంటే చాలు, ఇల్లు మనదైపోతాది."

ఈ మాట తెలుగునాట ప్రతి ఊళ్ళోనూ ఉంది. ఇక్కడ మరీ చెల్లదు. యజమాని అనుమతితో ఉన్నవాడు, అద్దెకో లీజుకో లైసెన్సుకో వచ్చినవాడు ఎన్నేళ్ళున్నా ఆ లెక్క మొదలే కాదు. యజమాని హక్కుని కాదని, బాహాటంగా, తనదేనని చెప్పుకుంటూ ఉన్నవాడికే ఆ వాదన. ఎదుటి పక్షం ప్రభుత్వమైతే కాలపరిమితి చట్టంలో ఉన్నది ముప్పై ఏళ్ళు. దీన్ని నమ్మి అద్దె రసీదులు పారేసినవాళ్ళు తమకి పనికొచ్చే ఏకైక సాక్ష్యాన్ని పారేసుకున్నారు.

"నోటీసొస్తే రానీ. కోర్టుకెళ్ళి స్టే తెచ్చీద్దాం, కేసు ఇరవై ఏళ్ళు నడుస్తాది."

ఈ సలహాని నమ్మినవాళ్ళు వీధిన పడటం వేగంగా జరుగుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. ప్రభుత్వరంగ సంస్థ ఇల్లు కాబట్టి ఇక్కడ వర్తించేది 1971 నాటి పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం. అనుమతి గడువు దాటినవాళ్ళని, షరతు తప్పి లీజు రద్దయినవాళ్ళని ఖాళీ చేయించే అధికారం ఎస్టేట్ ఆఫీసర్‌కి ఉంటుంది. ఆయన కంపెనీ అధికారే అయినా ఆ కుర్చీలో కూర్చుని చట్టం ఇచ్చిన అధికారంతో విచారిస్తాడు. మొదట 4వ సెక్షను కింద సంజాయిషీ నోటీసు వస్తుంది. అప్పుడు మాట్లాడకుండా ఊరుకుంటే, 5వ సెక్షను కింద ఖాళీ చేయమనే ఉత్తర్వు వస్తుంది. ఆ ఉత్తర్వు మీద జిల్లా జడ్జికి అప్పీలు చేసుకోవాలి. దానికి చట్టం ఇచ్చిన గడువు పన్నెండు రోజులు.

పన్నెండు రోజుల్లో మనవాళ్ళు ఏం చేస్తారో మనకి తెలుసు. మొదటి రెండు రోజులు కవరు విప్పరు. తర్వాత యూనియన్ నాయకుడి కోసం తిరుగుతారు. ఆయన భోపాల్‌లోనో ఢిల్లీలోనో ఉంటాడు. ఆదివారం వస్తుంది. పదో రోజున వకీలు దగ్గరికి వెళ్తే ఆయన కాగితాలడుగుతాడు, కాగితాలు పర్లాకిమిడిలో పెద్దన్నయ్య బీరువాలో ఉంటాయి. మామూలు సివిల్ కోర్టులో దావా వేద్దామంటే ఈ చట్టం 15వ సెక్షను ఆ దారి మూసేసింది. రాష్ట్ర అద్దె చట్టం కాపాడుతుందనుకుంటే, ఇలాంటి ఇళ్ళ విషయంలో పబ్లిక్ ప్రెమిసెస్ చట్టానిదే పైచేయి అని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లోనే చెప్పింది.

కాబట్టి కవరు అందిన రోజునే దానిమీద తేదీ రాయండి. ఏ సెక్షను కింద వచ్చిందో చూడండి. సంజాయిషీ దశలోనే రాతపూర్వకంగా జవాబివ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మీ దగ్గర న్యాయం ఉంటే అది చెప్పుకోవలసిన చోటు అదే.

రిటైరయ్యాక గడువు దాటినా క్వార్టరు ఖాళీ చేయకుండా, "గ్రాట్యుటీ మన హక్కు, దాన్ని ఎవడూ ముట్టుకోలేడు" అని ధీమాగా ఉన్నవాళ్ళకి ఇంకో మాట. అలా ఉన్నందుకు పడే పీనల్ రెంటుని గ్రాట్యుటీలో సర్దుబాటు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో సెయిల్ కేసులోనే చెప్పింది. పీనల్ రెంటు మామూలు అద్దెలా ఉండదు, నెలనెలా పేరుకుపోతుంది. కూతురి పెళ్ళికని లెక్కేసుకున్న సొమ్ము అలా కరిగిపోతే ఆ ఇంట్లో జరిగే గొడవకి సలహా చెప్పినాయన రాడు.

"మనోడేగదా, మన జిల్లావోడే. కాగితమెందుకు?"

ఇంటి యజమానులు ఎక్కువగా వినే సలహా ఇది. సొంత జాగాలో ఇల్లు కట్టుకుని పైభాగం అద్దెకిచ్చేవాళ్ళూ, అనుమతి ఉండి లీజు ఇంటిని అద్దెకిచ్చేవాళ్ళూ (అనుమతి లేకపోతే ఇవ్వకండి, దాచిపెట్టే ఉపాయాలు చెప్పేవాళ్ళ దగ్గరికి అసలే పోకండి) అందరూ మన ఊరి పేరు వినగానే మెత్తబడతారు. ఛత్తీస్‌గఢ్ అద్దె నియంత్రణ చట్టం 2011లో వచ్చింది. అద్దె ఒప్పందం రాతలో ఉండాలని అది చెబుతుంది. తగాదా వస్తే మొదట రెంట్ కంట్రోలింగ్ అథారిటీ, ఆ పైన రాయ్‌పూర్‌లోని ట్రిబ్యునల్. ట్రిబ్యునల్ నుంచి నేరుగా సుప్రీంకోర్టుకి అప్పీలని ఆ చట్టంలో మొదట రాశారు కానీ, ఆ అధికారం రాష్ట్ర శాసనసభకి లేదని 2019 డిసెంబరులో రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. ఇప్పటికీ "తిన్నగా ఢిల్లీ ఎల్లిపోవచ్చు" అనేవాళ్ళున్నారు. ఆ చట్టం చెప్పే నేరు దారి మూసుకుపోయింది. బిలాస్‌పూర్ హైకోర్టు గడప తొక్కాల్సిందే.

ఒప్పందంలో అద్దె, డిపాజిట్టు, కరెంటు మీటరు రీడింగు, నీళ్ళు, మరమ్మతులు ఎవరివి, ఖాళీ చేయడానికి ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, ఇవన్నీ ఉండాలి. డిపాజిట్టు బ్యాంకు ద్వారా పుచ్చుకోండి. ఇల్లు ఇచ్చిన రోజున ఇద్దరూ కలిసి గదిగదికీ ఫోటోలు తీసి పెట్టుకుంటే, వెళ్ళేటప్పుడు గోడ మీద మేకు ఎవరు కొట్టారన్న గొడవ రాదు. పోలీసు స్టేషన్లో అద్దెకున్నవాళ్ళ వివరాలు ఇవ్వమని జిల్లా యంత్రాంగం ఉత్తర్వు ఇచ్చినప్పుడు ఇవ్వకపోతే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయసంహిత 223వ సెక్షను కింద కేసు పడేది ఇంటాయన మీద. "మనోడు బాధపడతాడు" అని మానేయకండి. మనోడైతే తనే ఆధార్ కాగితం పట్టుకొస్తాడు.

ఇదే వరసలో వచ్చే మరో సలహా మరీ చెడ్డది: "అద్దె ఇవ్వకపోతే కరెంటు పీకీ, నీళ్ళు ఆపీ, ఆడే ఎల్లిపోతాడు." చంటిబిడ్డ ఉన్న ఇంటికి మే నెలలో, భిలాయ్ ఎండలో, కరెంటు తీసేయమని చెప్పే నోరు ఎలా వస్తుందో నాకు అర్థం కాదు. చట్టం సంగతీ చెబుతాను. అద్దె బాకీ ఉన్నా సరే, కోర్టు దారి తప్పించి బలవంతంగా గెంటేస్తే, 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షను కింద ఆరు నెలల్లోగా దావా వేసి అతను ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు.

"పెచ్చులే గదా ఊడతన్నాయి. సిమెంటు పూసీ, సున్నం కొట్టీ."

మన బ్లాకుల్లో పాతవాటికి అరవై ఏళ్ళు దాటాయి. కాంక్రీటు లోపలికి ఏళ్ళ తరబడి గాలీ తేమా దిగితే, ఇనుప చువ్వలకి కాపుగా ఉండే గుణం పోతుంది. చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు పట్టినప్పుడు ఉబ్బుతుంది, ఉబ్బి కింది కాంక్రీటుని నెడుతుంది. మనకి కనబడే పెచ్చు ఆ పని చివరి దశ. పైన పూత పూస్తే తుప్పు ఆగదు, కనబడటం ఆగుతుంది. తర్వాతి పెచ్చు ఇంకా పెద్దదిగా, ఆ పూత బరువుతో కలిసి పడుతుంది. ఉక్కు తయారుచేసే ఊళ్ళో ఉన్నాం. తుప్పు సంగతి ఈ ఊరికి ఒకరు చెప్పాలా? కానీ మిల్లులో చూసిన కళ్ళతో ఇంటి కప్పుని చూడం.

కప్పు మీద సన్నటి పొడవాటి చీలిక చువ్వల వరసలో సాగుతున్నా, గోధుమరంగు మరక దిగుతున్నా, కర్రతో తడితే బోలుగా మోగినా మంచం అక్కణ్ణించి జరపండి. స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవండి. ఆయన రాసిచ్చిన రిపోర్టుని జతచేసి కంపెనీకి అర్జీ పెట్టండి. మరమ్మతు ఎవరి బాధ్యతో లీజు పత్రం చెబుతుంది. పత్రం ఎవరి పేరు చెప్పినా, కప్పు పడేది కింద పడుకున్నవాడి మీద.

మేస్త్రీలు ఇచ్చే సలహాలు రెండు ఈ పాత ఇళ్ళకి పనికిరావు. ఒకటి, హాలు పెద్దదవడానికి మధ్యగోడ తీసేయమనడం. ఇటుక గోడల మీదే స్లాబు ఆనించి కట్టిన ఇంట్లో ఆ గోడే పై ఇంటివాళ్ళని మోస్తుండవచ్చు. రెండోది, నీళ్ళు చాలట్లేదని మేడమీద ఇంకో ట్యాంకు పెట్టమనడం. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను. అందరూ తలా ఒకటి పెడితే ఎన్ని టన్నులో లెక్కేసుకోండి. పై ఇంటాయన తీసిన గోడ వల్ల కింది ఇంట్లో ప్రాణం పోతే నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణం కింద, న్యాయసంహిత 106వ సెక్షనులో, అయిదేళ్ళ దాకా శిక్ష ఉంది.

"గ్యాస్ గీజరు బాత్రూములోనే పెట్టీ. బయట పెడితే పైపుకి దండగ."

ఇక్కడ నేను గొంతు పెంచుతాను. 2014 జూన్ 12న ప్లాంటులో పంపుహౌస్ దగ్గర నీటి పీడనం పడిపోయి గ్యాస్ వెనక్కి తన్నింది. సీనియర్ అధికారులతో సహా ఆరుగురు పోయారు. ఆ రోజు సెక్టార్-9 ఆసుపత్రి ముందు ఎంతమంది నిలబడ్డారో ఈ ఊరు మరచిపోలేదు. వాళ్ళని చంపింది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసులో అయిదోవంతు పైన అదే ఉంటుంది. అందుకే ప్లాంటులో దాన్ని పసిగట్టే యంత్రం లేకుండా ఆ చోట్లకి వెళ్ళనివ్వరు.

అదే విషవాయువు ఇంట్లో కూడా పుడుతుంది. తలుపు బిగించి, కిటికీ మూసి, ఇరుకు బాత్రూములో గ్యాస్ గీజరు వెలిగించి ఉంచితే లోపల ఉన్న ప్రాణవాయువు తగ్గుతుంది, మంట సరిగా మండదు, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. మొదట తలనొప్పి, తర్వాత మత్తు, కాళ్ళు లేవవు. గొళ్ళెం తీయాలని తెలిసినా చేయి సాగదు. జనవరిలో భిలాయ్ చలికి కిటికీలన్నీ మూసుకుంటాం కాబట్టి ఆ నెలలోనే ఎక్కువ భయం. పని దగ్గర గ్యాస్ మానిటరు జేబుకి తగిలించుకుని వెళ్ళే మనిషి, ఇంటికొచ్చి పిల్లల్ని ఆ బాత్రూములోకి స్నానానికి పంపడం నేను చూశాను. తెలియక కాదు. ప్లాంటు గ్యాసు వేరు, వంటగ్యాసు వేరని ఎవరో చెప్పారు, నమ్మాడు.

గీజరు బాత్రూము బయట, గాలి ఆడే చోట ఉండాలి. పొగ బయటికి పోయే దారి ఉండాలి. అద్దెకిచ్చే ఇంట్లో ఇది ఇంటివారి పని. పైపు ఖర్చు అద్దెదారు మీద వేయకండి. వంటింట్లో నారింజరంగు సురక్షా గొట్టం అయిదేళ్ళకోసారి మార్చాలి. అద్దెకు కొత్తవాళ్ళు దిగిన ప్రతిసారీ దానిమీద తేదీ చూడండి. వాసన వస్తే స్విచ్చులు వేయకుండా, తీయకుండా, రెగ్యులేటరు కట్టేసి, కిటికీలు తెరిచి బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి.

"కూలరుకి ఎర్తింగు ఎందుకు? ఎమ్‌సీబీ ఉంది గదా!"

ఎమ్‌సీబీ కాపాడేది తీగని. తీగ మోయగలిగే కరెంటుకి మించి పోతే అది పడిపోతుంది. మనిషిని చంపడానికి అంత కరెంటు అక్కరలేదు. ఇనుప కూలరు, లోపల నీళ్ళు, ఎలకలు కొరికిన పంపు తీగ, తడి నేల మీద చెప్పుల్లేని కాళ్ళు: ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన ఇళ్ళల్లో రోజూ ఉండే పరిస్థితి ఇదే. లీకయ్యే కొద్దిపాటి కరెంటుకే పడిపోయే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి. మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి, ఆ సాకెట్టు వెనక నిజంగా ఎర్త్ తీగ ఉందో లేదో లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి. నీళ్ళు పోసేముందు ప్లగ్గు పీకాలి. కూలరు అద్దెదారుది కావచ్చు, గోడలోని ఎర్తింగు మాత్రం ఇంటివారిదే. "నీ కూలరు, నీ ఇష్టం" అని తప్పుకోకండి.

అదే కూలరులో 2018 వానాకాలపు పాఠం కూడా ఉంది. ఆ ఏడాది ఖుర్సీపార్, ఛావనీ వైపు డెంగ్యూ ఎంతమంది పిల్లల్ని, పెద్దల్ని తీసుకుపోయిందో ఆ బస్తీల్లో అడగండి. డెంగ్యూ దోమ మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. గుడ్లు తొట్టె గోడకి అంటుకుని నీళ్ళు ఎండినా నెలల తరబడి బతుకుతాయి. వారానికోసారి నీళ్ళు పారబోసి, గోడలు పీచుతో రుద్దాలి. ఊరెళ్ళిపోయి తాళం వేసిన ఇళ్ళ యజమానులకి ప్రత్యేకంగా చెబుతున్నాను: మే నెలలో వదిలేసి వెళ్ళిన కూలరు జులైలో పక్కింటి పిల్లలకి జ్వరం తెస్తుంది.

కోచింగు పిల్లలకి గదులిచ్చేవాళ్ళకి "రాత్రి పదికి మెట్ల గేటుకి తాళమేసీ, తాళంచెవి నీ దగ్గరెట్టుకో" అని చెప్పేవాళ్ళున్నారు. పిల్లలు బయటికి పోకుండా అది ఆపుతుంది. మంట లేచినప్పుడు కూడా ఆపుతుంది. లోపల నుంచి తాళంచెవి లేకుండా తీయగలిగే గొళ్ళెం పెట్టండి. కిటికీ గ్రిల్లుల్లో ఒకదానికైనా తెరుచుకునే తలుపు ఉంచండి.

"కంపెనీ ఇల్లు, బీమా మనకెందుకు" అన్నది చిన్న విషయమే గానీ వదలను. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ భారత్ గృహ రక్ష అనే ఒకే తరహా పాలసీ ఇస్తున్నాయి. ఇంట్లో సామానుకి విడిగా కూడా తీసుకోవచ్చు. లీజుదారు అన్న మాట దాచకుండా రాయించండి.

"నాయన పోతే ఇల్లు దానంతటదే మన పేరుకొచ్చేస్తాది. నామినీ నువ్వేగదా!"

దానంతటది ఏదీ రాదు. నామినీ అంటే ఎదుటి సంస్థ ఎవరితో వ్యవహరించాలో చెప్పే పేరు. వారసులు ఎవరో చెప్పేది చట్టమో విల్లో. తండ్రి విల్లు రాయకుండా పోతే హిందూ వారసత్వ చట్టం కింద తల్లికీ కొడుకులకీ కూతుళ్ళకీ, నాయనమ్మ ఉంటే ఆవిడకీ సమాన వాటా వస్తుంది. కూతురు పెళ్ళయి గాజువాకలో ఉన్నా ఆమె వాటా పోదు. "ఆడపిల్లకి కట్నమిచ్చీసాం, సంతకం ఎందుకు" అని ఆమెని అడగకుండా పేరు మార్పించుకోవాలని చూసిన అన్నదమ్ములు చివరికి ఆమె గుమ్మంలోకే వెళ్ళి నిలబడ్డారు. మొదటే అడిగి ఉంటే అక్కచెల్లెళ్ళు చాలామంది తమ వాటా ఇష్టంగా వదిలేసేవాళ్ళు. వదిలినా సరే, ఆ వదిలిన మాట రిజిస్టరైన పత్రంలో ఉండాలి. లైసెన్సు మీద ఉన్న క్వార్టరైతే ఈ పంపకమే లేదు. గడువు, డిపాజిట్టు, బాకీలు అడిగి తెలుసుకుని నియమం ప్రకారం ఖాళీ చేయాలి.

నాన్నగారు బతికుండగానే, ఆయన ఓపికగా ఉన్న రోజున, లీజు పత్రం, ప్రీమియం కట్టిన రసీదులు, కంపెనీ రాసిన ఉత్తరాలు, పన్ను బిల్లులు ఒకచోట పెట్టించి ఒక కాపీ అక్క దగ్గర, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. పత్రం రిజిస్టరైందా లేదా అన్నది ఆయన్నే అడగండి. అయితే దస్తావేజు నంబరు, సంవత్సరం రాసి పెట్టుకోండి. అసలు కాగితం ఊరి ప్రయాణాల్లో పోయినా దుర్గ్ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ధ్రువీకరించిన నకలు దొరుకుతుంది. కాకపోతే ఇప్పుడే నగర సేవల విభాగంలో అడిగి, రిజిస్ట్రేషను చేయించడానికి కంపెనీ తరఫున ఎవరు సంతకం పెట్టాలో, స్టాంపు సుంకం ఎంతో రాతపూర్వకంగా తెలుసుకుని ఆ పని పూర్తిచేయండి.